సాయంత్రానికి పడిపోయే పిల్లలు

రాష్ట్రాల సరిహద్దులో ఉన్న మా కొంట ఊళ్ళో డాక్టర్లకు కరువు గానీ సలహాలకు కాదు. ఆ సలహాల వ్యాపారంలో ముప్పై ఏళ్ళుగా పెద్ద కొట్టు నాదే. పేరుకు మందుల షాపు. బోర్డు మీద రామ్‌ప్రసాద్ అని హిందీలోనూ తెలుగులోనూ రాసి ఉంటుంది. జ్వరానికి గోలీ అడిగినవాళ్ళకు గోలీతో పాటు పిల్లల్ని ఎలా పెంచాలో, మొగుణ్ణి ఎలా దారిలో పెట్టాలో కూడా చెప్పి పంపేవాణ్ణి. నాకు నోటి దురుసు. అడవి ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళు ఎదురు చెప్పరు కాబట్టి అది ఏటేటా ముదిరింది. కోసి గురించి చెప్పబోతూ నా సంగతి ముందు పెట్టడం గొప్ప కోసం కాదు. ఆమె బతుకులో జరిగిన ఘోరంలో నా నోటికీ వాటా ఉంది.

కోసిది మరైగూడ దాటాక వాగు అవతల ఉన్న దొర్ల గిరిజనుల పల్లె. పాతిక ఇళ్ళు కూడా ఉండవు. వానాకాలం వరి, ఎండలు మొదలయ్యాక ఇప్పపువ్వు, ఆ తర్వాత బీడీలు చుట్టే తునికాకు, వాళ్ళ ఏడాదంతా ఈ మూడింట్లోనే గడిచిపోతుంది. మనిషి పొట్టి. మాట అంతకన్నా పొట్టి. నా షాపుకు వస్తే జనం అంతా పోయేదాకా ఒక పక్కన నిలబడేది, అప్పుడు వచ్చి కావలసింది ఒక్క మాటలో అడిగేది. తునికాకు కట్టలు కట్టడంలో ఆ చుట్టుపక్కల ఆమెను మించినవాళ్ళు లేరు. కట్టకు యాభై ఆకులు, లెక్కపెట్టకుండా వేళ్ళతోనే తేల్చేది. ఆకు కొనే కల్లం దగ్గర లెక్క రాసే మున్షీ ఆమె కట్టలు విప్పి చూడటం ఎప్పుడో మానేశాడు.

ఆమె పెద్ద కూతురు మంగ్లీ. పుట్టినప్పుడు ఏ లోపమూ లేదు. ఏడాది తిరక్కుండానే నడిచింది. ఆరో ఏట ఎడమ పాదం లోపలికి తిరగడం మొదలైంది. విచిత్రం ఏమిటంటే, పొద్దున లేవగానే ఆ పిల్ల ఊరంతా చుట్టి వచ్చేది. మధ్యాహ్నానికి మునివేళ్ళ మీద కుంటేది. పొద్దు వాలేసరికి రెండు కాళ్ళూ బిర్రబిగిసి, లేపితే పడిపోయేది. రాత్రి పడుకుని తెల్లవారి లేస్తే మళ్ళీ మామూలే.

తునికాకు రోజుల్లో ఆ పల్లెలో ఇంటిల్లిపాదీ తెల్లవారకముందే అడవికి పోతారు. ఎండ ముదిరేలోపు ఆకు తెచ్చి, నీడన కూర్చుని కట్టలు కట్టి, సాయంత్రం తలకెత్తుకుని కల్లానికి మోస్తారు. మంగ్లీ పొద్దున తల్లితో సమానంగా కోసేది. మోసే వేళకు మాత్రం కూలబడేది. చూసేవాళ్ళకు ఏమనిపిస్తుంది? పిల్ల పనిదొంగ అనిపించింది. ఆ ఊళ్ళో పిల్లల్ని అంతకన్నా పెద్ద తిట్టు తిట్టరు. తండ్రి ఇర్మా చెడ్డవాడు కాదు, కానీ పదిమందిలో ఆ మాట పడలేక వెదురు బద్దతో కొట్టేవాడు. దెబ్బలు తిన్న పిల్ల మర్నాడు అందరికంటే ముందు లేచి, తండ్రి మెప్పు కోసం ఒంటరిగా అడవికి పోయి ఒడి నిండా ఆకు తెచ్చేది. దాంతో ఇర్మాకు అనుమానం పూర్తిగా స్థిరపడింది. నిన్న సాయంత్రం లేవలేని కాళ్ళు తెల్లవారేసరికి ఎలా వచ్చాయి అని అడిగేవాడు.

ఊరి దేవతకు పూజలు చేసే వడ్డెను పిలిచారు. ఆయన చీకటి పడ్డాక పూజ చేసి కోడిని కోశాడు. పిల్ల అక్కడే నిద్రపోయి, పొద్దున లేచి నడిచింది. తగ్గిందని అందరూ సంతోషించారు, ఆ సంతోషం సాయంత్రం దాకా ఉంది. ఆసుపత్రికీ రెండుసార్లు తీసుకొచ్చారు. ముందురోజు సాయంత్రమే వచ్చి వరండాలో పడుకోవడం, తొమ్మిదింటికి డాక్టరు వచ్చేసరికి పిల్ల మెట్లు ఎక్కి దిగుతూ ఆడుకోవడం. ఆయన మోకాలి మీద తట్టి చూసి బలానికి గోలీలు రాశాడు. ఆ గోలీలు అమ్మింది నేనే. తిన్న పిల్ల తిన్నట్టే సాయంత్రానికి పడిపోయింది.

ఒక శ్రావణ మాసపు సంత రోజు. ఉదయం మిఠాయి బండి దగ్గర మంగ్లీ గెంతులు వేయడం నేను నా కళ్ళతో చూశాను. అప్పుడు దానికి తొమ్మిదేళ్ళు. మధ్యాహ్నం మూడింటికి ఇర్మా, కోసి దాన్ని రెక్కలు పట్టుకుని నా షాపు అరుగు మీద కూర్చోబెట్టారు. పాదం లోపలికి తిరిగిపోయి ఉంది. పిల్ల తల వంచుకుని ఉంది.

"సావుకారీ, ఇంకేమన్న మందు ఉన్నదా?" అని కోసి అడిగింది.

నేను నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా మొహం మీద నేనే ఉమ్మేసుకోవాలనిపిస్తుంది.

"మందేంది కోసీ? పొద్దుగాల బండి కాడ ఎగిరింది నేను చూడలేదా? ఇది ఒట్టి నాటకం. ఓసారి దారిల వదిలేసి ముందుకు నడవండి. వెనక్కి తిరిగి చూడకండి. భయమైతే అదే ఉరుక్కుంట వస్తది."

ఇర్మా మాత్రం తల ఊపాడు.

ఆ సాయంత్రం వాగుకు ఇవతల మంగ్లీ కూలబడింది. తల్లిదండ్రులు నేను చెప్పినట్టే చేశారు. వాగు మోకాటి లోతు ఉంది, దాటి అవతలి గట్టు మీద పిల్ల కోసం ఆగారు. పైన ఎక్కడో వాన పడింది. ఆ వాగుల సంగతి ఆ వైపు వాళ్ళకు తెలుసు, చూస్తుండగానే మనిషి ఎత్తు వస్తాయి. ఇర్మా రెండుసార్లు దిగబోతే నీళ్ళు లాగి గట్టుకు కొట్టాయి. తెల్లవారి వాగు తగ్గాక, కింద పొదల్లో పిల్ల దొరికింది. కూలబడిన చోటు నుంచి నీళ్ళు ఎక్కిన గీత దాకా బురదలో పాకిన జాడ ఉంది. నడిచిన జాడ లేదు.

ఈ సంగతి నాకు వారం తర్వాత తెలిసింది. కోసి నా షాపుకు రావడం మానేసింది. నేను కూడా వాళ్ళ ఊరికి పోలేదు. పిల్ల మొండితనం చేసి వాగులో పడిందని కొంటలో అనుకున్నారు, నేను కాదనలేదు. ఎవరైనా అడిగితే పాపం అనేవాణ్ణి. ఇర్మా కూడా ఆ మాటే పట్టుకుని బతికాడు. మొండిది, మాట వినలేదు, పోయింది అని.

రెండేళ్ళకు కోసికి మళ్ళీ ఆడపిల్ల పుట్టింది. పేరు బిందు.

పోయిన ఏడాది ఒక సాయంత్రం దీపాలు పెట్టే వేళకు కోసి నా షాపుకు వచ్చింది. తొమ్మిదేళ్ళ తర్వాత రావడం. చంకలో ఏడేళ్ళ పిల్ల. ఈసారి పక్కన నిలబడలేదు. జనాన్ని తోసుకుని వచ్చి పిల్లను నా బల్ల మీద, మందుల డబ్బాల మధ్య కూర్చోబెట్టింది.

"ఇప్పుడు చూడు," అంది.

చూశాను. అదే పాదం. అలాగే లోపలికి తిరిగి, చేత్తో తిప్పబోతే చెక్కలా ఉంది. పిల్ల నొప్పికి పెదవి కొరుక్కుంది.

"ఇది నాటకమా?"

షాపులో ఉన్న నలుగురూ నన్నే చూస్తున్నారు.

"రేపు పొద్దుగాల మంచిగ నడుస్తది. మంగ్లీది గూడ గట్లనే ఉండె. నిద్ర పోతే రోగం దాసుకుంటది. పండుకోబెట్టి తీస్కపోతే ఏ డాక్టరుకూ కనబడదు," అంది. తొమ్మిదేళ్ళు ఆమె దాని గురించే ఆలోచించిందని ఆ మాటతో తెలిసింది. డాక్టర్లకు, వడ్డెకు, ముప్పై ఏళ్ళ మందుల షాపువాడికి అందనిది ఆమెకు అందింది.

రెండు రోజుల్లో దంతెవాడలో పిల్లల నరాల వైద్య శిబిరం ఉందని తెలుసుకున్నాను. పొద్దున పది నుంచి ఒంటిగంట వరకే. తోడు వస్తానన్నాను. ఆమె వద్దనలేదు, రమ్మననూ లేదు. ముందురోజు తల్లీ కూతుళ్ళు మా ఇంట్లోనే దిగారు. ఆ రాత్రి కోసి బిందును కన్ను మూయనివ్వలేదు. మా ఆవిడ మహాలక్ష్మి నన్ను లేపి, "ఆ తల్లి పిల్లను గిచ్చుతోందండీ, రెక్కలు పట్టి వాకిట్లో తిప్పుతోంది. మీరన్నా చెప్పండి," అంది. నా జన్మలో మొదటిసారి ఎవరికీ ఏమీ చెప్పకుండా ఊరుకున్నాను.

తెల్లవారి బస్సులో కూడా అంతే. పిల్ల తల వాలితే చెవి మెలిపెట్టేది. సుక్మా దాటాక రెక్కలు పట్టి బస్సు మధ్యలో నిలబెట్టి అటూ ఇటూ నడిపించింది. బిందు "పండుకుంట అమ్మా, కొంచెం పండుకుంట," అని బతిమాలుతుంటే కోసి కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, చెయ్యి మాత్రం గిచ్చుతూనే ఉంది. బస్సులోవాళ్ళు తిట్టారు. దంతెవాడలో దిగేసరికి పట్టుకున్నా పిల్ల నిలబడలేకపోయింది. వరుస దగ్గర ఉన్న నర్సు దాని చేతుల మీది కమిలిన మచ్చలు చూసి, ఏం తల్లివి నువ్వు అని హిందీలో కసిరింది. ఆ మాత్రం హిందీ కోసికి అర్థమవుతుంది. అయినా పిల్లను వాలిపోకుండా పట్టుకుని వరుసలో ముందుకు జరిగింది.

డాక్టరు ఊర్మిల అని చిన్న వయసావిడ. పాదం చూసింది, నడిపించబోయింది, పిల్ల చేతుల్లో కూలిపోయింది. ఎప్పుడు నిద్రపోయింది అని అడిగింది. నేను జరిగింది చెప్పాను. ఆవిడ కలం పక్కన పెట్టి కాసేపు కోసినే చూసింది.

"నిద్రపోయి వచ్చి ఉంటే నేనూ పంపించేసేదాన్నేమో," అంది హిందీలో.

తర్వాత చెప్పింది. మన మెదడు అడుగున డోపమైన్ తయారుచేసే కణాలు కొన్ని ఉంటాయట. కాళ్ళూ చేతులూ మనం అనుకున్నట్టు కదలాలంటే అది కావాలి. ఆ కణాలు తల్లి కడుపులోనే పుడతాయి. కానీ పుట్టుకతో వాటి పని పూర్తి కాదు. కొన్ని రాలిపోతాయి, మిగిలినవి బిడ్డ పెరుగుతున్న కొద్దీ కొమ్మలు వేస్తూ, ఒక్కొక్కటీ లెక్కలేనన్ని చోట్లకు పాకుతాయి. ఏళ్ళ తరబడి సాగుతుంది అది. పసితనంలో ఆ సరుకు దండిగా తయారవుతుంది, వయసు పెరిగే కొద్దీ మెల్లగా తగ్గుతుంది. అందరికీ తగ్గినా సరిపోతుంది. ఈ పిల్లకు సరుకు తయారుచేసే శక్తే పుట్టుకతో తక్కువ. అందుకే మొదట్లో తెలియలేదు, ఐదారేళ్ళు దాటాక చాలకుండా పోయింది. నిద్రలో కాస్త కూడుతుంది, పొద్దంతా తిరిగితే ఖర్చయిపోతుంది.

నేను కోసికి దాన్ని వాళ్ళ దొర్లి భాషలో, తెలుగులో కలిపి చెప్పాను. నారు పోసినప్పుడు మొక్క ఉంటుంది, పిలకలు వేసేది నాటాకే. బిందు తలలో నారు బాగానే ఉంది, పిలకలూ వేసింది, గింజకు పాలు పట్టడం లేదు అన్నాను. ఆమె ఆగి ఆగి విని, "మొక్క సచ్చిందా?" అని అడిగించింది.

"చావలేదు. ముసలివాళ్ళ వణుకు జబ్బులో చస్తాయి. ఈ పిల్లవి బతికే ఉన్నాయి. బయటి నుంచి కాస్త అందిస్తే చాలు. కానీ రోజూ వెయ్యాలి, బతికినన్నాళ్ళూ," అంది డాక్టరు. చీటీ రాసి నా చేతికిచ్చింది. పావు గోలీ, రోజుకు రెండుసార్లు.

చీటీలో ఉన్న మందు పేరు నాకు తెలిసినదే. మా నాన్న రామారావుకు పదిహేనేళ్ళుగా చేతులు వణుకుతాయి. ఆయనకు రోజూ నా చేత్తో వేసే గోలీ అది. మంగ్లీ నా అరుగు మీద తల వంచుకుని కూర్చున్న ఆ మధ్యాహ్నం కూడా, నా వీపు వెనక అరలో ఆ అట్టలు నాలుగో ఐదో ఉండే ఉంటాయి.

తిరుగు బస్సులో బిందు తల్లి ఒళ్ళో ఒళ్ళు తెలియకుండా పడుకుంది. చాలా దూరం వచ్చాక కోసి అడిగింది.

"మంగ్లీకి గూడ గీ గోలీనేనా?"

అబద్ధం చెబుదామనుకున్నాను. కానీ అవునన్నాను. ఆమె సుక్మా వచ్చేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. నా తప్పు ఒప్పుకోవాలని ఏదో మొదలుపెడితే చెయ్యి అడ్డం పెట్టింది. చివరికి, "ఇర్మాకు చెప్పకు. బతకడు," అంది.

పదిరోజుల తర్వాత మళ్ళీ వచ్చింది. గోలీలు అయిపోయాయంది. నెలకు సరిపడా ఇచ్చాను కదా అంటే, ఇర్మా పొయ్యిలో వేశాడని చెప్పింది. ఇంకో అట్ట ఇచ్చాను. వారంలో అదీ పొయ్యిలో పడింది. ఇంట్లో దాచితే వెతికి తీస్తున్నాడట, తల్లి అడవికి పోయే వేళ చూసి.

"నువ్వు రా. వచ్చి చెప్పు. మంగ్లీ సంగతి గూడ చెప్పు. బతుకుతడో సస్తడో ఆయన ఇష్టం. నాకు బిందు గావాలె," అంది.

మర్నాడు మధ్యాహ్నం మోటారుసైకిలు మరైగూడలో పెట్టి, వాగు దాటి, జన్మలో మొదటిసారి ఆ ఊరికి పోయాను. వేసవి కాబట్టి వాగులో చెప్పులు తడవలేదు. ఇర్మా ఇంటి ముందు పందిరి కింద తాడు పేనుతున్నాడు. నేననుకున్న దానికన్నా చాలా ముసలివాడయ్యాడు. వరండాలో చాప మీద బిందు పక్కకు పడుకుని ఉంది. మూడు రోజులుగా గోలీ లేదు. రెండు పాదాలూ లోపలికి తిరిగి ఒకదానికొకటి పెనవేసుకున్నాయి.

దారి పొడుగునా పెద్ద ఉపన్యాసం తయారుచేసుకున్నాను. కణాలు, కొమ్మలు, నారు, పిలకలు. తీరా ఎదురుగా కూర్చున్నాక నోట్లోంచి ఒక్క మాటే వచ్చింది.

"గోలీలు ఎందుకు పారేస్తున్నవ్ ఇర్మా? పని చెయ్యలేదా?"

"చేసింది," అన్నాడు తల ఎత్తకుండా.

"మరి?"

"చేసింది గనకనే పడేసిన."

తాడు పేనడం ఆపాడు.

"గోలీ మొదలువెట్టిన మూడో పొద్దు, మాపటేల, బిందు చెంబుతోటి నీళ్ళు తెచ్చి నా ముందట పెట్టింది. నిలబడి నవ్వింది. గోలీ నిజమైతే మంగ్లీ గూడ నిజమే గద సావుకారీ. నేను దాన్ని కొట్టినన్ని దెబ్బలు... ఈ గోలీ లేకుంటె, ఇది గూడ నాటకమే, అది గూడ నాటకమే అనుకుని పండుకుంట."

అతను చెబుతూ పోయాడు, తాడుకు చెబుతున్నట్టు.

"మేము వాగుల దిగినంక మంగ్లీ పిలిచింది. అయ్యా అని. మూడుసార్లు. మూడోసారికి కోసి ఆగింది. నేనే కోసి చెయ్యి పట్టి లాగిన."

ఇది నాకు తెలియదు. కోసి ఇన్నేళ్ళూ ఎవరికీ చెప్పలేదు. ఆమె గుమ్మంలో నిలబడి ఉంది, నేల చూస్తోంది.

"నేను చెప్పబట్టే కదా ఇర్మా. వెనక్కి చూడొద్దన్నది నేనే కదా," అన్నాను. ఆ పాపంలో నా వాటా నాకివ్వమని అడుక్కుంటున్నాను, అంతే.

అతను అప్పుడు నా మొహంలోకి చూశాడు.

"నువ్వు చెప్తే ఏంది? నా బిడ్డ నిన్ను పిలిచిందా?"

బూతులు తిట్టి ఉంటే బాగుండేది. కొట్టినా బాగుండేది. జేబులోంచి అట్ట తీశాను. కోసికి ఇవ్వాలో అతనికి ఇవ్వాలో తెలియక మధ్యలో పట్టుకుని కూర్చున్నాను. ఎంతసేపటికో ఇర్మా చెయ్యి చాచాడు. గోలీ బయటికి తీసి, పీట మీద పెట్టి, కొడవలి మొనతో నాలుగు ముక్కలు చేశాడు. ఒక ముక్క అరచేతిలో వేసుకుని పిల్ల దగ్గరికి పోయి, దాని తల ఎత్తి, నీళ్ళతో మింగించాడు.

ఇర్మా మళ్ళీ పందిరి కిందికి వచ్చి పీట ముందు కూర్చున్నాడు. పొద్దు చెట్ల వెనక్కి దిగుతోంది. ఆ ఇంటి ఆడపిల్లల కాళ్ళు ఎప్పుడూ చచ్చిపోయే వేళ. బిందు కాసేపటికి ఒక కాలు చాచింది. పాదం కొంచెం కొంచెంగా తిన్నబడింది. ఇంకాసేపటికి గుంజ పట్టుకుని లేచి నిలబడింది. గుంజ వదిలేసి, ఒకసారి తూలి, నిలదొక్కుకుని, వాకిలి దాటి తండ్రి దగ్గరికి నడిచి వచ్చింది.

ఇర్మా దాన్ని ముట్టుకోలేదు. పీట మీద మిగిలిన మూడు ముక్కల్నీ చూస్తున్నాడు.

"ఇంతేనా?" అని నన్ను అడిగాడు. "ఇంత ముక్కేనా సావుకారీ?"

"ఇంతే," అన్నాను.